అప్‌డేట్: సైకిల్ సీటు వల్ల పడిన పుండ్లు తగ్గాయి

ఒడిశాలోని బరంపురం నుంచి కొండల్లోని తప్తపాణి వేడినీటి బుగ్గల దాకా సైకిల్‌పై వెళ్లి వచ్చేసరికి తొడల సందున ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయని, మెత్తటి సీటు కొనవచ్చునా అని నెల క్రితం ఇక్కడ మిమ్మల్ని అడిగాను. కొనలేదు, అసలు లోపం సీటు ఎత్తులో ఉంది. పూర్తిగా కిందికి వచ్చిన పెడల్‌పై మడమ ఆనించినప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలని మీరు చెప్పినట్లు చూస్తే, నా మడమ పెడల్‌కు అందనే లేదు. అందువల్లే తొక్కిన ప్రతిసారీ నడుము అటూ ఇటూ ఊగి, ఒకేచోట చర్మం రాసుకుపోయింది. సీటును వేలెడు మందం దించాను.

నాలుగు రోజులు సైకిల్ ముట్టకుండా, ఆ చోటును కడిగి తడి లేకుండా ఆరనిచ్చాను. చీము పట్టిన ఒక్క గడ్డను మాత్రం చిదమకుండా డాక్టరుకు చూపించాను. ఇప్పుడు ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరును లోపల డ్రాయరు లేకుండా, వ్యాజిలిన్ రాసుకుని వేసుకుంటున్నాను. డ్రాయరు కుట్ల అచ్చులు చర్మంపై చూశాక గానీ ఆ కుట్లు కూడా ఒరుసుకుంటున్నాయని తెలియలేదు. మొన్న ఆదివారం ఘాట్ రోడ్డులో తరచూ లేచి నిలబడి తొక్కాను, ఇంటికి వచ్చాక కాస్త ఎరుపు తప్ప మంట లేదు.