ఒఫియోలైట్‌ను ‘సర్పశిల’ అనవచ్చా?

ప్రశ్న: లడఖ్ కొండల పుట్టుక మీద పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. ఒఫియోలైట్‌కు ‘సర్పశిల’ అని పెట్టాను. గ్రీకులో ఒఫిస్ అంటే పాము, లిథోస్ అంటే రాయి కదా. నా వాక్యం ఇది: “భారత ఖండం ఆసియాను ఢీకొన్నప్పుడు మధ్యలోని టెథిస్ సముద్రం అడుగు నలిగి సర్పశిలలుగా పైకి వచ్చింది.” పెద్దలు సరిచూడగలరు.

జవాబు: మాట అందంగానే ఉందమ్మా, కానీ వద్దంటాను. 1813లో బ్రోన్యార్ ఈ పేరు వాడినప్పుడు అది పాము చర్మంలా పచ్చగా, నున్నగా ఉండే సర్పెంటైన్ రాళ్ల పేరు. ఇప్పుడు అది ఒక రాయి పేరు కాదు, ఖండం మీదికి చేరిన సముద్రపు అడుగు పొరల వరుస పేరు. 1972లో భూవిజ్ఞానుల పెన్‌రోజ్ సదస్సు ఆ వరుసను ఖాయం చేసింది: అడుగున ప్రావారపు (భూమి పైపెంకు కింది మందపు పొర) రాయి పెరిడోటైట్, దాని మీద లోపలే మెల్లగా చల్లారిన గాబ్రో, ఆపైన పక్కపక్కనే నిలబడ్డ డైకులు (పగుళ్లలో చొరబడి గట్టిపడ్డ శిలాద్రవపు గోడలు), ఆపైన నీళ్లలో దిండ్లలా చల్లారిన దిండు లావా. చాలాచోట్ల వీటన్నిటి మీదా లోతు సముద్రపు చెర్ట్ (సిలికాతో చేసిన గట్టి రాయి) పొర ఉంటుంది. మన పులివెందుల వైపు రాతినార (ఆస్బెస్టాస్) దొరికే చోట కూడా సర్పెంటైన్ ఉంది. అది డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాతిలోకి వేడి శిలాద్రవం చొరబడడం వల్ల పుట్టింది, దానికి సముద్రపు అడుగుతో సంబంధం లేదు. ‘సర్పశిల’ అంటే పిల్లలు రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఒఫియోలైట్ అనే ఉంచి, పక్కన ‘సముద్రపు అడుగు పొరల వరుస’ అని రాయండి.

నాకు అంతకన్నా బాధ కలిగించింది ‘నలిగి పైకి వచ్చింది’ అన్న క్రియ. లడఖ్‌లోని జన్‌స్కార్‌లో స్పోంగ్‌తాంగ్ ఒఫియోలైట్‌నే చూడండి. దాని కింద ఉన్నవి భారత ఖండపు అంచున, లోతులేని సముద్రంలో పేరుకున్న సున్నపురాళ్లు. అంటే టెథిస్ అడుగు మన ఖండం మీదికి ఎక్కి కూర్చుంది. ఒక సముద్రపు పలక మరొకదాని కిందికి దూరుతోంది, దూరే పలక వెనక ఖండం అంచు అతుక్కుని ఉంది. పలక ఆ అంచునూ లోపలికి లాగుతుంది. ఖండపు రాయి తేలిక, ఎక్కువ లోతుకు దిగలేదు. ఈలోగా పైనున్న సముద్రపు పలక ముక్క దాని మీదికి వచ్చేస్తుంది. అందుకే ‘మీదికెక్కింది’ అనాలి.

‘ఢీకొన్నప్పుడు’ కూడా తీసేయండి. ఖండాలు ఢీకొన్నది సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట. స్పోంగ్‌తాంగ్ రాళ్లు సముద్రంలో పుట్టి 17 కోట్ల ఏళ్లు దాటింది. అవి క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) చివర్లోనే మన అంచు మీదికెక్కాయా, ఢీకొనే వేళకా అన్న వాదం భూవిజ్ఞానుల మధ్య ఇంకా నడుస్తోంది.

మరొకరు: మాస్టారూ, రెండు ఖండాలు అతుక్కున్న గీత అయిన సింధు-సాంగ్పో ‘సూచర్’కు ‘సంధి’ అందామా? ‘రాముడు + ఇతడు’లో ఉకారం పోయి ‘రాముడితడు’ అయినట్టే, మధ్యలో సముద్రం పోయి రెండు ఖండాలు కలిశాయి.

జవాబు: ఎంత చక్కటి పోలికండీ! చదవగానే మనసు అటే లాగింది. అయితే కదలిక లేని రాతి పగులును ‘జాయింట్’ అంటారు, దానికీ ‘సంధి’ అనే రాస్తారేమోనని నా టెన్షన్. పైగా సంధిలో పోయిన అచ్చు ఆనవాలు మిగలదు. ఇక్కడ పోయిన సముద్రం లడఖ్‌లోని నిదార్ దగ్గర ముక్కలుగా కనిపిస్తూనే ఉంది. ఆసుపత్రిలో వేసే ‘కుట్టు’ అందరికీ తెలిసిన మాట, అదే మేలు.

ప్రశ్న అడిగినవారు: మన దగ్గర ఒఫియోలైట్ ఉందాండీ? ఉంటే ఒక వాక్యం కలుపుతాను.

జవాబు: తప్పకుండా కలపండి. నెల్లూరు వైపు కండ్ర దగ్గరి రాళ్లను పరిశోధకులు ఒఫియోలైట్‌గా గుర్తించారు, వయసు సుమారు 185 కోట్ల ఏళ్లు. కనిగిరి దగ్గరివి సుమారు 133 కోట్ల ఏళ్లవి. ఇవి టెథిస్‌కు చెందినవి కావు, అంతకు ఎంతో ముందే మూసుకుపోయిన సముద్రాలవి. వాటిని లడఖ్ పేరాలో కలపకుండా విడిగా రాయండి.