లినక్స్‌లో తెలుగు ప్రూఫులు దిద్దే పనికి ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ మానిటరు?

ప్రశ్న

నమస్కారం. నేను ఇంటి నుంచి తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ, స్క్రైబస్‌లో పేజీలు కడుతుంటాను. రైజెన్ 5 3600 ప్రాసెసరు, బీ450 మదర్‌బోర్డు, 450 వాట్ల పవర్ సప్లై, డెబియన్ 12 లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్: ఇదీ నా సరంజామా. ఆ ప్రాసెసరులో గ్రాఫిక్స్ లేనందువల్ల ఏనాటిదో చిన్న కార్డు ఒకటి తగిలించి, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరుతో నెట్టుకొస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపించి, పేజీని పెద్దది చేసి చూస్తే తప్ప అచ్చుతప్పు దొరకడం లేదు. అందుకని 27 అంగుళాల మానిటరు, దానికి తగిన కార్డు కొనదలచాను. రెండింటికీ కలిపి 45 వేల రూపాయలు దాటకూడదు. ఆటలు ఆడను. పాత మానిటరును పక్కనే ఉంచుకోవాలని ఉంది. ఏవి తీసుకోమంటారు?

మొదటి జవాబు

మీ పనికి కార్డు కన్నా మానిటరే ముఖ్యం కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరపై అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు ఉంటాయి. 27 అంగుళాల 2560×1440 తెరపై 109, అదే సైజు 4కే (3840×2160) తెరపై 163. ఇంగ్లిషు అక్షరం 92తో సరిపెట్టుకోగలదు గానీ, పైన గుడి, కింద వత్తు, ఆ వత్తుకు తోడు మరో వత్తు, ఇవన్నీ ఒకే పంక్తిలో ఇమడవలసిన తెలుగుకు ఆ పిక్సెళ్లు చాలవు. 1440 తెర చవకే అయినా, 92 నుంచి 109కి ఎదగడానికి డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం. 4కే ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) తెరనే తీసుకోండి.

ఇక కార్డు విషయానికి వస్తే ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 సూచిస్తాను. దాని డ్రైవరు లినక్స్ గుండెకాయ వంటి కెర్నెల్‌లోనే ఉంటుంది, పైభాగమంతా మెసా అనే ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, డెబియన్ 12 తో వచ్చే 6.1 కెర్నెల్‌కు ఆ కార్డు బాగా తెలుసు. ఏఎండీ ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ ఒక్కటి ఉందో లేదో చూసుకోండి. నిన్నగాక మొన్న వచ్చిన కార్డును పాత కెర్నెల్‌పై పెడితే మాత్రం, డ్రైవరు గుర్తించక తెర మొద్దు రిజల్యూషన్‌లో నిలిచిపోవచ్చు.

రెండో జవాబు

మానిటరు విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తాను, కార్డు విషయంలో కాదు. ఆటలు ఆడనివారికి 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 ఎందుకండీ? ఆర్‌ఎక్స్ 6400 చాలు. అది 53 వాట్లతో సరిపెట్టుకుంటుంది, విడిగా పవర్ తీగ అక్కర్లేదు, ఒక డిస్‌ప్లేపోర్టు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి కనుక మీ రెండు మానిటర్లకూ సరిపోతుంది. దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు) ఉన్నందున మీ బోర్డుపై ఆటల వేగం తగ్గే మాట నిజమే గానీ, పేజీలు కట్టేవారికి ఆ తేడా తెలియదు. ఏవీ1 అనే కొత్త తరహా కుదింపుతో వచ్చే వీడియోలను ఆ కార్డు విప్పలేదు, ఆ భారం ప్రాసెసరు మోయాలి. మీ ప్రాసెసరు మోయగలదు. మిగిలిన సొమ్ము మంచి తెరపై పెట్టండి.

ఎన్‌విడియా సంగతి కూడా అడుగుతారేమో. 2022 మే నుంచి ఆ సంస్థ కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది గానీ, ఆపై భాగం ఇప్పటికీ మూసి ఉన్నదే. ఎన్‌విడియా కార్డులపై లెక్కలు చేయించే క్యూడా (CUDA) అవసరమైనవారికి ఎన్‌విడియా తప్పదు, మీకు ఆ అవసరం లేదు. విడిగా డ్రైవరు కట్టుకోవలసిన కార్డొకటి నా దగ్గర ఉండేది. కెర్నెల్ మారిన రోజున హెడర్లు (డ్రైవరును మళ్లీ కట్టడానికి కావలసిన ఫైళ్లు) ఎక్కించడం మరచిపోయి, నల్లటి తెర ముందు ఒక ఆదివారమంతా కూర్చున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంట్లో పాత హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంది, దానితోనే 4కే నడుస్తుందా? రెండు మానిటర్లలో అక్షరాలు ఒకే పరిమాణంలో కనిపించేలా చేయవచ్చా?

మూడో జవాబు

హెచ్‌డీఎంఐ 1.4 కాలపు కేబుల్ అయితే 4కే తెర సెకనుకు 30 సార్లు మాత్రమే మారవచ్చు, అప్పుడు మౌస్ కదలిక ఈడ్చుకుంటూ వస్తుంది. 4కే తెరను డిస్‌ప్లేపోర్టుకే కలపండి, పాతదాన్ని హెచ్‌డీఎంఐకి వదలండి. మరో కారణం కూడా ఉంది: ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవరులో హెచ్‌డీఎంఐ 2.1 అమలుకు హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో ఒప్పుకోలేదు. మీకు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు) చాలు కనుక అది అడ్డు కాదు గానీ, రేపు 120 హెర్ట్జ్ తెర కొన్నా డిస్‌ప్లేపోర్టు ఆదుకుంటుంది.

అక్షరాల పరిమాణమే అసలు చిక్కు. ఎక్స్‌ఎఫ్‌సీఈ నడిచే ఎక్స్11 అనే పాత డిస్‌ప్లే వ్యవస్థలో రెండు తెరలకూ ఒకే స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలను పెంచే శాతం) వర్తిస్తుంది కాబట్టి, 4కేలో అక్షరం కుదిరితే పాత తెరపై గుమ్మడికాయంత అవుతుంది. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌ను వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే వ్యవస్థపై నడిపితే కొత్తదానికి 200 శాతం, పాతదానికి 100 శాతం విడివిడిగా పెట్టుకోవచ్చు. 150 శాతం వంటి మధ్యస్థ అంకెల జోలికి డెబియన్ 12లో వెళ్లకండి. ఎక్స్‌వేలాండ్‌లో (వేలాండ్‌పై ఎక్స్11 ప్రోగ్రాములను నడిపే ఏర్పాటులో) నడిచే ప్రోగ్రాముల అక్షరాలు మసకబారతాయి, మీరు వదిలించుకోవాలనుకున్న జబ్బే మళ్లీ వస్తుంది. 200 శాతంలో మీకు దొరికే చోటు ఫుల్ హెచ్‌డీ అంతే, అయితే వత్తులు అచ్చులో ఉన్నట్టే కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు

అయితే ఆర్‌ఎక్స్ 6400, 27 అంగుళాల 4కే తెర తీసుకుంటాను. గ్నోమ్ అలవాటు చేసుకోవడానికి కొత్త తెర వచ్చేదాకా ఆగకుండా, ఈ రాత్రే ఎక్కించి చూస్తాను. పాత మానిటరును నిలువుగా తిప్పి, మూల ప్రతిని దానిపై తెరిచి ఉంచుకుంటాను.