లెసోతోకు వాలంటీరుగా వెళ్తున్నాను: వైజాగ్‌లోనే ఏం సిద్ధం చేసుకోవాలి?

సింహాచలం_లత: జూన్ నెలాఖరుకి లెసోతోలో మొఖోట్లాంగ్ జిల్లా క్లినిక్‌లో వాలంటీర్ నర్సుగా చేరాలి. ఏడాది పని. ఆఫ్రికా కదా అని కాటన్ బట్టలు, మలేరియా మాత్రలు లిస్టులో రాసుకున్నాను. ఇంకేం కావాలి?

ఉక్కునగరం_రావు: ముందు ఆ రెండూ కొట్టేయండమ్మా. అక్కడ మలేరియా లేదు, కారణం ఎత్తు. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లపు చోటే 1,400 మీటర్లు. మన అరకు 900 చిల్లర. రాజధాని మసేరు 1,600, అంటే దాదాపు మన అర్మకొండ కొన మీద ఊరు కట్టినట్టు. మొఖోట్లాంగ్ 2,200 దాటుతుంది. పైగా దక్షిణార్ధగోళం, మీరు దిగేసరికి నడి చలికాలం. లంబసింగిలో తెల్లారి పడే పొగమంచు కాదు, నిజం మంచే పడుతుంది. థర్మల్ లోదుస్తులు మూడు జతలు, ఉన్ని సాక్సులు, గాలి దూరని జాకెట్ పెట్టుకోండి. దుప్పటి మాత్రం మోసుకెళ్లొద్దు. బసోతోలు, అంటే అక్కడి జనం, ఉన్ని దుప్పటినే పైబట్టగా కప్పుకుని తిరుగుతారు, అక్కడే మంచివి దొరుకుతాయి.

గదిలో కిరసనాయిలు హీటర్ పెడితే కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి, పడుకునే ముందు ఆర్పేయండి. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మర్రిపాలెం_ఫైళ్లు: అసలు చిక్కంతా దారిలో ఉంది. లెసోతోకు నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే. మామూలు దారి జొహాన్నెస్‌బర్గ్ వరకు ఒక విమానం, అక్కణ్ణించి మసేరుకి గంట ప్రయాణం చిన్న విమానంలో. చవకని రెండు టికెట్లు విడివిడిగా కొంటే సామాను జొహాన్నెస్‌బర్గ్‌లో దించుకుని మళ్లీ ఇవ్వాలి. దానికి ఇమిగ్రేషన్ దాటాలి, అంటే దక్షిణాఫ్రికా వీసా ఉండాలి. అది లేకపోతే ఇక్కడి కౌంటర్లోనే ఆపేస్తారు. ఒకే టికెట్ తీసుకోండి, బ్యాగు ట్యాగు మీద ఎంఎస్‌యూ అన్న మసేరు కోడ్ ఉందో లేదో చూసుకోండి. చిన్న విమానంలో బరువు పరిమితి తక్కువ, టికెట్ మీది అంకె చదవండి. సెలవులకు రోడ్డు దారిన బయటికొచ్చే ఉద్దేశం ఉంటే దక్షిణాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అడగండి.

సర్టిఫికెట్లకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పరాయి దేశంలో చెల్లేలా వేసే ముద్ర. లెసోతో అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి మళ్లీ ఎంబసీ ముద్ర అక్కర్లేదు. పోలీస్ క్లియరెన్స్ మరీ ముందుగా తీస్తే పాతదైపోతుంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాకుండా, వాలంటీరే కదా అని సూది పట్టొద్దు.

సింహాచలం_లత: ఎల్లో ఫీవర్ టీకా?

మర్రిపాలెం_ఫైళ్లు: ఇండియా నుంచి నేరుగా అయితే అక్కర్లేదు. అడిస్ అబాబా, నైరోబీ లాంటిచోట 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికా వాళ్లు కార్డు అడుగుతారు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. సీసా విప్పాక ఆరు గంటల్లో వాడేయాలి, అందుకే కేంద్రాల్లో జనాన్ని కూడగట్టి కొన్ని రోజులే వేస్తారు. ముందు ఫోన్ చేసి వెళ్లండి.

కంచరపాలెం_కరెంట్: ఛార్జర్ సంగతి ఎవరూ చెప్పలేదే! మన ఇళ్లలో గీజరుకి, ఏసీకి వాడే లావు మూడు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గే అక్కడి గోడ సాకెట్. ట్రావెల్ అడాప్టర్లు చాలావాటికి ఆ పిన్ను ఉండదు. మన ఎలక్ట్రికల్ షాపులో 6 నుంచి 16కి మార్చే కన్వర్షన్ ప్లగ్గులు రెండు కొనుక్కోండి, సరిపోతాది.

ఇంకోటి, 2,200 మీటర్ల దగ్గర నీళ్లు 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి. కందిపప్పు గిన్నెలో ఎంతసేపు పెట్టినా పలుకే. మూడు లీటర్ల కుక్కరు తీసుకెళ్లండి, గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వులు రెండు అదనంగా.

భీమిలి_భాషాభిమాని: తిండికి ఇబ్బంది లేదు. పాపా అంటే మొక్కజొన్న పిండితో గట్టి సంకటి, మొరోహో అంటే ఆకుకూర, చేత్తోనే తింటారు. అక్కడి భాష సెసోతో. దాని రాతలో 'లి', 'లు' అని ఉంటే 'డి', 'డు' అని పలకాలి. 'లుమేలా' అని రాసి ఉన్నది 'డుమేలా'. మగవాళ్లకి 'డుమేలా న్టాటే', ఆడవాళ్లకి 'డుమేలా మ్మే'. మన అయ్యా, అమ్మా లాగే. పలకరించకుండా నేరుగా పనిలోకి దిగితే పొగరనుకుంటారు. ఊళ్లో అడుగుపెట్టగానే మొరేనాని, అంటే గ్రామపెద్దని, కలవండి.

కేజీహెచ్_రోడ్: లతగారూ, అక్కడ పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, టీబీ కూడా చాలా ఎక్కువ. ఎన్95 మాస్కులు మీ ముఖానికి సరిపోయే సైజువి పట్టుకెళ్లండి. సూది గుచ్చుకుంటే పెప్, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు, 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. మంచుకి కొండదారి మూసుకుపోతే ఆ గంటలే కరిగిపోతాయి. మందు క్లినిక్‌లోనే ఉంటుందా, కింద పట్నం ఆసుపత్రిలోనా? సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఉక్కునగరం_రావు: డబ్బు సంగతి మరిచా. లెసోతో డబ్బు లోటి (ఎక్కువైతే మలోటి) ఇక్కడ దొరకదు, దక్షిణాఫ్రికా రాండ్ తీసుకెళ్లండి. ఒకటికి ఒకటి విలువ, లెసోతో దుకాణాల్లో రెండూ చెల్లుతాయి. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన మలోటి మసేరులోనే మార్చేయండి. సరిహద్దు దాటాక వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.