కబిని లాడ్జ్‌లో పాత బంగళా ఇంకా అలాగే ఉందా?

అమ్మానాన్నలను కర్ణాటకలోని కబిని రివర్ లాడ్జ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. అది మైసూరు మహారాజుల వేట విడిది కదా, రిసార్ట్ చేసేటప్పుడు పాత కట్టడాన్ని మార్చేశారా?

జవాబు: పాత రూపం చాలావరకు నిలిచిందండి. వాలుగా దిగే పెంకుల కప్పు, ఎత్తైన గదులు, ముందు వరండా, దాంతో మధ్యాహ్నపు ఎండ సూటిగా గదిలోకి రాదు. అయితే కాటేజీలు తర్వాత కట్టినవి కాబట్టి బుక్ చేసేటప్పుడే పాత బంగళాలో గది కావాలని గట్టిగా అడగండి.

ఇంకొకరు: ఎదురుగా కనిపించే అంత నీరు మహారాజుల కాలంలో లేదు, 1974లో కబిని నదిపై డ్యామ్ పూర్తయ్యాక, ఖెడ్డాలో (అడవి ఏనుగులను తరిమి కంచెలోకి పంపి బంధించే పద్ధతి) ఏనుగులను పట్టిన కాకనకోటె అడవిలో కొంత భాగం మునిగిపోయింది. వేసవిలో నీరు తగ్గి గడ్డి మొలిస్తే ఏనుగులు గుంపులుగా ఆ ఒడ్డుకే వస్తాయి. ఏప్రిల్‌లో వెళ్లండి.

థాంక్సండీ, బంగళాలోనే గది అడుగుతాను.