వీడియోలో షాక్ తరంగం 700 హెర్ట్జ్‌తో ఊగుతోంది, పీడన సెన్సర్ మాత్రం 4700 అంటోంది. ఏది నమ్మాలి?

ప్రశ్న (ఎం.టెక్ రెండో ఏడు):
మాక్ 2 (ధ్వని వేగానికి రెట్టింపు) బ్లోడౌన్ టన్నెల్, అంటే ట్యాంకులో నొక్కిపెట్టిన గాలిని వదిలే విండ్ టన్నెల్. కింది గోడలో 60 మి.మీ. పొడవు, 15 మి.మీ. లోతు క్యావిటీ (గుంట). పై గోడ 15 మి.మీ. ఎత్తులోనే ఉంది. క్యావిటీ ముందంచు దగ్గర పుట్టిన షాక్ పై గోడకు తగిలి తిరిగొచ్చి, వెనక గోడకు కాస్త ముందు షియర్ లేయర్ (పైన దూసుకుపోయే గాలికీ గుంటలోని గాలికీ మధ్య పొర) మీద పడుతోంది. సెకనుకు 2000 ఫ్రేములతో ష్లీరెన్ (గాలి సాంద్రత తేడాల్ని చూపే) వీడియో తీస్తే ఆ షాక్ 700 హెర్ట్జ్‌తో ఊగుతోంది. వెనక గోడ సెన్సర్‌లో 700 దగ్గర ఏమీ లేదు, 4700 దగ్గర పెద్ద పీక్ ఉంది. షాకే షియర్ లేయర్‌ని ఊపుతోందని రిపోర్టులో రాసేశాను. సోమవారం రివ్యూ, ఒకటే టెన్షన్.

జవాబు 1:
సెన్సర్ గోడకు సమంగా ఉందా, గొట్టం చివర పెట్టావా?

ప్రశ్న అడిగినవారు:
సమంగానే ఉందండీ.

జవాబు 2:
అయితే సెన్సర్‌ది తప్పు కాదు తమ్ముడూ, కెమెరాది. 4700లోంచి ఫ్రేముల వేగం 2000కి రెండు రెట్లు, 4000 తీసెయ్, 700 మిగులుతుంది. ఇది ఏలియసింగ్, అంటే ఫ్రేములు చాలక వేగమైన ఊపు నెమ్మదిగా కనిపించడం. నేనూ ఇలాగే మూడు వారాలు పాపం నాజిల్‌ని అనుమానించాను.

రిజర్వాయర్ (ట్యాంకు) గాలి 300 కెల్విన్ అనుకుని, క్యావిటీ ఏ ఫ్రీక్వెన్సీల్లో ఊగుతుందో చెప్పే రోసిటర్ 1964 సూత్రానికి హెల్లర్ సవరణ కలిపి లెక్కేశాను: మొదటి మోడ్ (ఊగే తీరు) సుమారు 2000 హెర్ట్జ్, రెండోది 4650, మూడోది 7300. నీది రెండోది. మొదటిది ఇంకా దొంగది, 2000 ఫ్రేముల వీడియోలో అసలు కదలనట్టే ఉంటుంది.

ఇక రిపోర్టులో ఆ వాక్యం కొట్టెయ్. సుడులు వెనక గోడకు కొట్టుకుంటాయి, ఆ శబ్దం క్యావిటీలోంచి ముందంచుకు చేరి కొత్త సుడుల్ని లేపుతుంది. షాక్ లేకున్నా ఈ చక్రం తిరుగుతుంది. షాక్ పడ్డచోట షియర్ లేయర్ లోపలికి వంగుతుంది. కింద గాలి ఇంచుమించు కదలనిది, అక్కడి పీడనం పెద్దగా మారదు కాబట్టి షాక్ అక్కడినుంచి ఎక్స్‌పాన్షన్‌గా (పీడనం తగ్గించే తరంగంగా) తిరిగెళ్తుంది. లేయర్ ఊగితే షాక్ పడే చోటూ జరుగుతుంది. ఎవరు ఎవర్ని ఊపుతున్నారో ఒక్క వీడియో చూసి చెప్పలేం.

అది తేలాలంటే పై గోడని 25 మి.మీ.కి పైకి జరిపి చూడు. మాక్ 2లో బలహీనమైన తరంగం 30 డిగ్రీల్లో వెళ్తుంది, ఎత్తుకు సుమారు మూడున్నర రెట్ల దూరంలో తిరిగి దిగుతుంది. షాక్ ఇంకాస్త ముందే దిగినా క్యావిటీ దాటిపోతుంది. అప్పటికీ 4700 అలాగే ఉంటే షాక్ నిర్దోషి.

ప్రశ్న అడిగినవారు:
పక్క ల్యాబ్ కెమెరా అడుక్కొచ్చి 40,000 ఫ్రేములతో తీశాను అన్నా. బొమ్మ అగ్గిపెట్టంత అయింది గానీ 700 మాయం, 4700 వచ్చింది. పై గోడకు కొత్త బ్లాక్ వర్క్‌షాప్‌లో అడిగితే బుధవారం ఇస్తామన్నారు. రివ్యూ మాత్రం సోమవారమే.