జీవితం చిన్నదనుకుంటే రాసే భయం పోతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా): కథలు రాసి బీరువాలో చీరల కింద దాస్తున్నాను. పత్రికకి పంపాలంటే గుండె దడ. "జీవితం చిన్నది, భయపడకుండా పంపేయ్" అంటారందరూ. ఈ మాట ఎవరికైనా నిజంగా పనిచేసిందా?

బరంపురం బాబాయ్: పనిచేస్తుందమ్మా. కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో పోయాడు, 45 ఏళ్లు నిండలేదు. పేరు తెచ్చిన కవితల పుస్తకం 1968లో గానీ రాలేదు. గురజాడ 53 ఏళ్లకే పోయారు. మనకేం గ్యారంటీ?

గుణుపురం గోపి: తిలక్ భయపడి దాచుకున్నాడా? బతికుండగానే పత్రికల్లో వచ్చేవి. ఉదాహరణ కుదర్లేదు. మీ ఊళ్లోనే పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని చూడండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చారు. మన్యం జ్వరానికి క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారు. సవర నిఘంటువు అచ్చయింది 1938లో, ఆయనకి డెబ్బై దాటాక. జీవితం చిన్నదని కంగారుపడితే ఆ పని అయ్యేదా?

నాగావళి (రాయగడ): నేనో సభలో కథ చదివితే "మీ తెలుగు ఒడియా వాసనేస్తోంది" అని నవ్వారు. మళ్లీ మైకు ముట్టలేదు. చావు గుర్తొస్తే ఆ నవ్వు మర్చిపోతానా?

బరంపురం బాబాయ్: వాళ్లని వదిలెయ్ తల్లీ. 53 ఏళ్లలో గురజాడ...

గుణుపురం గోపి: మళ్లీ 53! ఆ రోజుల్లో అదేం తక్కువ వయసు కాదు.

బరంపురం బాబాయ్: తక్కువ కాదా? మా అన్నయ్య యాభై దాటగానే పోయాడు. నాటకం రాస్తానని డైరీ కొన్నాడు. మొదటి పేజీలో పాత్రల పేర్లు, రెండో పేజీ నుంచి కిరాణా లెక్కలు. నీకది అంకె, నాకు అన్నయ్య.

మహేంద్రతనయ: ఎవరు ఎన్నేళ్లకి పోయారో మీరే తేల్చుకోండి. కథల్లో ఏముందని ఒక్కరైనా అడిగారా? మా ఆడపడుచు ఉంది. వాటా ఇవ్వకుండా ఆవిడ చేత సంతకం పెట్టించుకున్న తీరు ఉంది. నేను ఎప్పటికైనా పోతానని నాకూ తెలుసు. ఆవిడ ఈ ఊళ్లోనే బతకాలి కదా?

వైజాగ్ వలస: పేర్లూ ఊరూ మార్చి పంపండి. సింపుల్.

మహేంద్రతనయ: వైజాగ్‌లో ఉన్నారు కాబట్టి సింపుల్. ఇక్కడ గేటు పక్కన గన్నేరు చెట్టు అని రాస్తే చాలు, ఎవరిల్లో చెప్పేస్తారు.

బరంపురం బాబాయ్: అన్యాయం జరిగిందంటున్నావు. మరి ఎవరో ఒకరు రాయొద్దూ?

గుణుపురం గోపి: జరిగింది ఆవిడకి. ముందు ఆవిణ్ణి అడగాలి.

బరంపురం బాబాయ్: అందర్నీ అడిగి రాస్తే ఒక్క కథా రాదు. మా అన్నయ్య రాసుకున్న పేర్లన్నీ మా ఇంట్లోవాళ్లవే. నాటకం వస్తే నాన్న గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. అయినా రావాల్సింది.

నాగావళి (రాయగడ): అక్కా, ఆవిడ చదివారా?

మహేంద్రతనయ: చదువంతా ఒడియా మీడియంలో. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. పక్కన కూర్చుని నేనే వినిపించాలి. ఆ సంతకానికి సాక్షిగా ఉన్నది మా ఆయన.

బరంపురం బాబాయ్: ముందు పత్రికకి పంపు.

గుణుపురం గోపి: ముందు వినిపించండి.