రెస్క్యూ డిస్కు మొదటి తెరపై ‘డిస్కు బాగు చేయి’ మీట ఉండాలా?

పెన్‌డ్రైవ్: లినక్స్ మొరాయిస్తే కొత్తవారు వాడుకోవడానికి డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారు చేస్తున్నాను. మొదటి తెరపై మూడే మీటలు: గ్రబ్ సరిచేయి, పాస్‌వర్డ్ మార్చు, డిస్కు బాగు చేయి. మీరేమంటారు?

పాత_టెర్మినల్: మూడోది తీసేయండి. దాని వెనుక నడిచేది డిస్కులో ఫైళ్ల అమరికను సరిదిద్దే ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రాము, అడిగిన ప్రతిదానికీ ‘సరే’ అనే పద్ధతిలో. చావుకు దగ్గరైన డిస్కు మీద అది మళ్లీ రాస్తుంది. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మరో డిస్కుకు నకలు తీయాలి. అది బాగున్న భాగాలను మొదట తీసుకుని, మొండి సెక్టార్ల జోలికి తర్వాత వెళ్తుంది. మరమ్మతు ఆ నకలు మీదే చేయాలి.

మౌస్_చాలు: విద్యార్థి దగ్గర రెండో డిస్కు ఎక్కడిది? విండోస్ మళ్లీ వేశాక నా గ్రబ్ మాయమైంది, లినక్స్ మొదలవలేదు. మర్నాడే ప్రాజెక్టు ఇవ్వాలి. సాయం అడిగితే మౌంట్, సీహెచ్‌రూట్ అంటూ ఆరు వరుసల ఆదేశాలు పంపి ‘మాన్యువల్ చదువుకో’ అన్నారు. ఏడ్చాను.

పాత_టెర్మినల్: అది మొదటి మీట. దాన్ని నేను కాదనలేదు.

నిన్నే_చేరాను: గ్రబ్ అంటే ఏమిటో నాకు తెలియదు. ‘కంప్యూటర్ వెలుగుతోంది, లినక్స్ రావడం లేదు’ అని రాసి ఉంటే నొక్కుతాను.

ఎర్రబస్సు: కంప్యూటర్‌లో వేయకుండానే నడిచే నాపిక్స్ లినక్స్ 2000 నుంచి ఉంది. మళ్లీ కొత్తది ఎందుకు?

మౌస్_చాలు: పాత_టెర్మినల్ గారూ, కొత్తవారు మీ గడప తొక్కకూడదనేదే మీ పట్టుదల. మీట ఉంటే మీ పెద్దరికం పోతుందా?

పాత_టెర్మినల్: మా నాన్నగారు పోయిన ఆరు నెలలకు ఆయన డిస్కు కిర్రుమంది. ‘సరే’ నొక్కింది నేనే. ఫొటోలు, చోటు తప్పిన ఫైళ్లు చేరే లాస్ట్‌ప్లస్‌ఫౌండ్ ఫోల్డరులో అంకెల పేర్లతో తేలాయి. తెరిచి చూసేలోపే డిస్కు ఆగిపోయింది. పెద్దరికం గురించి నాతో మాట్లాడకండి.

మౌస్_చాలు: క్షమించండి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ మీకు కావలసింది ఫైళ్లు, నాకు కావలసింది తెల్లవారేలోపు నడిచే యంత్రం. ఫైళ్లు పోయినా ఫరవాలేదనుకునేవాళ్లూ ఉన్నారు, ఆ నిర్ణయం వాళ్లది.

పాత_టెర్మినల్: ఏం పోతుందో తెలియనివారు నొక్కితే అది నిర్ణయం కాదు.

పెన్‌డ్రైవ్: మీటల మీద లక్షణాలే రాస్తాను. డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, ఫైళ్లు బయటికి తీసే మీటను పైన పెడతాను. తన ఆరోగ్యం తానే చూసుకునే స్మార్ట్ పరీక్షలో డిస్కు నెగ్గితేనే ‘బాగు చేయి’ కనిపిస్తుంది. సరిపోతుందా?

పాత_టెర్మినల్: మా నాన్నగారి డిస్కు కూడా ఆ పరీక్షలో నెగ్గింది.